అండర్‌రైటర్‌లో ‘అండర్’ దేని కింద?

"మీ ఫైలు అండర్‌రైటర్ దగ్గర ఆగిందండీ" అన్నాడు ఏజెంటు కుర్రాడు ఫోన్‌లో. హెల్త్ పాలసీకి అప్లికేషన్ పెట్టి అప్పటికి రెండు వారాలు. పాలసీ ఇవ్వాలా, ఎంత ప్రీమియానికి ఇవ్వాలా అని తేల్చే బీమా ఉద్యోగిని అండర్‌రైటర్ అంటారు. షుగర్ ఉందని ఉన్నమాట రాసినందుకు వచ్చిన టెన్షన్ ఇది. స్పీకర్‌లో విన్న మా అమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. "అండర్ రైటరే కదా, పైన అసలు రైటర్ ఉంటాడు, ఆయనతో మాట్లాడమను" అంది.

అమ్మ లెక్కలో తప్పేమీ లేదు. మా మేనమామ పోలీసు స్టేషన్లో రైటర్‌గా చేశాడు. ఫిర్యాదు రాసేదీ, రికార్డు కట్టేదీ రైటరే. రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే ఆయన డాక్యుమెంట్ రైటర్. అంతకు ముందుకు వెళితే ఈస్టిండియా కంపెనీలో కొత్తగా చేరిన కుర్ర గుమాస్తాల హోదా పేరే రైటర్. కలకత్తాలో రైటర్స్ బిల్డింగ్ కట్టింది వాళ్ల కోసమే. మన చెవికి రైటర్ అంటే రాతకోతలు చూసే చిన్న ఉద్యోగి. దానికి ముందు అండర్ తగిలిస్తే, అండర్ సెక్రటరీలాగా, ఇంకో మెట్టు కిందివాడు. అలాంటివాడు నా ఫైలు ఆపడమేమిటని అమ్మకు ఆశ్చర్యం.

ఈ మాట వెనక ఉన్నది వేరే కింద. మనిషి కింద మనిషి కాదు, కాగితం మీద రాత కింద సంతకం. పైన ఓడ పేరు, సరుకు, ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణం, ఏయే ప్రమాదాలు అని రాసి ఉంటుంది. ఆ రాత కింద "ఇందులో ఇంత సొమ్ముకు నాది పూచీ" అని మొత్తం వేసి, పేరు రాసి ఇచ్చినవాడు అండర్‌రైటర్. ఓడ మునిగితే ఆ మొత్తం తన ఇంట్లోంచి తెచ్చి ఇవ్వాలి. అంటే ఆ కాగితం మీద అందరికంటే కింద కనిపించే పేరే అందరికంటే బరువు మోసేది.

ఇంగ్లిషులో ఈ క్రియ చాలా పాతది. పాత ఇంగ్లిషు కాలంలోనే కింద రాయడం, సంతకం చేయడం అనే అర్థంలో ఉంది. అదీ సొంత మాట కాదు. లాటిన్‌లో సుబ్‌స్క్రీబెరె అని ఉంది: సుబ్ అంటే కింద, స్క్రీబెరె అంటే రాయడం. దాన్ని ముక్కకు ముక్క తమ భాషలోకి మార్చుకున్నారు. ఆ తర్వాత అదే లాటిన్ మాట నేరుగా కూడా ఇంగ్లిషులోకి వచ్చి సబ్‌స్క్రైబ్ అయింది.

అంటే యూట్యూబులో వంటల ఛానెల్ అక్క వీడియో చివర "సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అని అడిగేదీ, బీమా ఆఫీసులో నా ఫైలు పట్టుకు కూర్చున్న ఆయన హోదా పేరూ పుట్టుకలో ఒకటే మాట. రెండింటికీ అర్థం కింద పేరు రాయడమే. మధ్యలో పుస్తకాల వ్యాపారం ఒకటుంది. పుస్తకం అచ్చు కాకముందే కొంటామని జాబితా కింద పేరు రాసి డబ్బుకు ఒప్పుకున్నవాళ్లు సబ్‌స్క్రైబర్లు. తర్వాత పత్రికల చందాదారులు వచ్చారు. ఇప్పుడు డబ్బూ లేదు, సంతకమూ లేదు, వేలితో ఒక్క నొక్కు. ఒక మాట ఇంత తేలికైపోతే, దాని తోడబుట్టింది ఓడలను మోస్తూ మిగిలింది.

ఇక్కడ ఒక పిట్టకథను పక్కన పెట్టాలి. ఈ మాట లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హోటల్లో పుట్టిందని చాలామంది రాస్తుంటారు. ఓడల కెప్టెన్లు, వర్తకులు అక్కడ చేరేవారు, ఓడ వివరాలు రాసిన కాగితం బల్లల మీద తిరిగేది, ఒక్కొక్కరు కింద సంతకం పెట్టేవారు, అలా అండర్‌రైటర్ అనే పేరు వచ్చింది అని కథ. దృశ్యం నిజమే, పుట్టుకే తప్పు. లాయిడ్ హోటలు ఊసు మనకు దొరికేది 1688 నాటికి. అండర్‌రైటర్ అనే మాట 1610ల నాటికే ఉంది, బీమా అర్థంలో 1620లలోనే కనిపిస్తుంది. లండన్‌లో మొట్టమొదటి కాఫీ హోటలు తెరిచింది 1652లో. ఆ ఊరికి కాఫీ వాసన తగలకముందే ఈ మాట అక్కడ వాడుకలో ఉందన్నమాట.

అలవాటు ఇంకా పాతది, ఇటలీ నుంచి వచ్చింది. జెనోవాలో 1347లో రాసిన బీమా ఒప్పందం ఇప్పటికీ మిగిలి ఉంది. చూడడానికి అది అప్పు పత్రంలా ఉంటుంది. లంబార్డులనే ఇటలీ వర్తకులు లండన్‌లో వ్యాపారం చేసిన వీధికే లంబార్డ్ స్ట్రీట్ అని పేరు. బీమాతో పాటు దాని పదజాలాన్నీ వాళ్లే తెచ్చారు. పాలసీ అనే మాట ఇటాలియన్ పోలిజా నుంచి, అది గ్రీకులో చూపించడం, రుజువు అనే అర్థమున్న అపోడెయిక్సిస్ నుంచి వచ్చింది. ప్రభుత్వ పాలసీలో ఉన్న పాలసీ వేరు, అది నగరం అనే అర్థమున్న పోలిస్ సంతానం. ఇంగ్లిషుకు వచ్చాక ముఖాలు ఒకటయ్యాయి గానీ చుట్టరికం లేదు. ప్రీమియం అనేది లాటిన్‌లో బహుమానం, కొల్లసొమ్ము. ఏటా రెన్యువల్ మెసేజ్ చూసినప్పుడల్లా రెండో అర్థమే గుర్తొస్తుంది నాకు.

కింద సంతకం చేసేవాళ్లు ఒక్కరు కాకుండా పదిమంది ఎందుకు? ఇంగ్లండ్ పార్లమెంటు 1601లో బీమా మీద ఒక చట్టం చేసింది. దాని పీఠికలో ఈ సంగతి ఉంది: నష్టం కొద్దిమంది మీద భారంగా పడే బదులు చాలామంది మీద తేలిగ్గా పడుతుంది, అందుకే వర్తకులు, ముఖ్యంగా కుర్రవాళ్లు, ధైర్యం చేసి సముద్రం మీదికి వెళతారు అని. బీమాను ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు తర్వాత నాకు కనపడలేదు.

అలా పదిమంది సంతకం పెట్టినా, ఒకరి బాకీకి మరొకరు బాధ్యులు కారు. ఆ లాయిడ్ కాఫీ హోటల్లోంచి ఎదిగిన బీమా బజారే లాయిడ్స్. దాని సభ్యులు 1779లో ఒక పాలసీ పాఠాన్ని ఖాయం చేసుకున్నారు. చిన్న మార్పులతో అది రెండు వందల ఏళ్లు నడిచింది. లంబార్డ్ స్ట్రీట్‌లో ఇంతవరకు రాసిన ఏ గట్టి పాలసీకీ ఇది తీసిపోదని అందులో ఒక మాట ఉంటుంది, లంబార్డులు ఆ వీధి నుంచి పోయి ఎంతకాలమైనా సరే. సముద్రం, యుద్ధనౌకలు, నిప్పు, శత్రువులు, ఓడదొంగలు అని ప్రమాదాల దండకం చదివాక, మేము "ఎవరి వాటాకు వారే" కట్టుబడి ఉన్నామని ఒప్పుకుంటారు. బ్రిటన్ 1906లో చేసిన సముద్ర బీమా చట్టం కూడా ఇదే చెప్పింది: ఒక పాలసీ కింద ఇద్దరు ముగ్గురు సంతకం చేస్తే, వేరే షరతు రాసుకుంటే తప్ప, ఒక్కో సంతకం ఒక్కో విడి ఒప్పందం. కాగితం ఒకటే, ఒప్పందాలు ఎన్ని పేర్లుంటే అన్ని.

మనకు దగ్గరగా ఉన్నది షూరిటీ సంతకం. చీటీ పాడుకున్న బావగారికి జామీను ఉండి, తర్వాత జీతంలో కోత పడినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. అదీ కింద పెట్టే సంతకమే, దానికీ బరువుంది. తేడా ఒక్కటే. మనవాళ్లు మొహమాటానికి సంతకం పెట్టి మునుగుతారు, లండన్ వాళ్లు ముందు డబ్బు పుచ్చుకుని పెట్టేవారు. ఇంకా చెప్పాలంటే షూరిటీ భయం మనిషి మీద, ఎగ్గొడతాడేమోనని. అండర్‌రైటర్ భయం గాలివాన మీద.

లాయిడ్స్ బజారులో ఆ పద్ధతి ఇప్పటికీ పదాల్లో బతికే ఉంది. బ్రోకర్ తెచ్చే కాగితం స్లిప్. అండర్‌రైటర్ కూర్చునే బల్లకు బాక్స్ అని పేరు, కాఫీ హోటలు బల్లల జ్ఞాపకం. ఆ భవనంలో పనిచేసే సహాయకులను వెయిటర్లనే పిలుస్తారు. ముందుగా పేరున్న ఒక అండర్‌రైటర్ రిస్కు చూసి రేటు కట్టి, ఎంత శాతం తీసుకుంటాడో రాస్తాడు. అతను లీడ్. ఆ సంతకం చూసి మిగతావాళ్లు వెనక వస్తారు. ఒక్కొక్కరు రాసేదాన్ని లైన్ అంటారు. నూటికి నూరు శాతం నిండేదాకా బ్రోకర్ బాక్స్ నుంచి బాక్స్‌కు తిరుగుతాడు.

ఇందులో నాకు నచ్చిన తిరకాసు ఒకటుంది. మంచి రిస్కు అయితే నూరు దాటి సంతకాలు పడతాయి. మొత్తం 125 శాతం వచ్చిందనుకోండి. ఉన్నది ఒకటే ఓడ, దాన్ని ఒకటింపావు సార్లు బీమా చేయలేరు. అప్పుడు అందరి వాటాలూ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. 10 శాతం రాసినవాడికి చివరికి మిగిలేది 8. అందుకే అక్కడ రాసిన లైన్ వేరు, సంతకమైన లైన్ వేరు. రాయడమూ సంతకమూ ఒకటే అనే పునాది మీద నిలబడ్డ మాట, తన సొంత ఇంట్లోనే రెండుగా చీలిపోయింది.

కంపెనీలు రావడంతో ఈ సంతకాల మనుషులు కనుమరుగు కావాల్సింది. 1720లో రాయల్ ఎక్స్చేంజ్ అస్యూరెన్స్, లండన్ అస్యూరెన్స్ అనే రెండు సంస్థలకు రాజు నుంచి హక్కులు వచ్చాయి. సముద్ర బీమా చేయడానికి మరే కంపెనీకీ, భాగస్వామ్యానికీ వీల్లేదన్నారు. ఒంటరి మనుషులను మాత్రం వదిలేశారు. ఫలితం తలకిందులైంది. ఆ రెండు కంపెనీలు ఆచితూచి నడిస్తే, బజారంతా పేరు రాసే మనుషుల చేతికే పోయింది. 1824లో ఆ గుత్తాధిపత్యం రద్దయ్యేదాకా అంతే. వాళ్లలో జాన్ జూలియస్ ఆంగర్‌స్టీన్ ఎంత కూడబెట్టాడంటే, ఆయన సేకరించిన 38 చిత్రాలను అదే 1824లో బ్రిటిష్ ప్రభుత్వం 57,000 పౌండ్లకు కొన్నది. లండన్ నేషనల్ గ్యాలరీ మొదలైంది వాటితోనే.

ఆ సంపద అడుగున ఏముందో కూడా చెప్పుకోవాలి. ఆ పాలసీల్లో సరుకు కింద రాసినవాటిలో బానిసలుగా పట్టుకున్న ఆఫ్రికా మనుషులూ ఉన్నారు. 1781లో జాంగ్ అనే ఓడ సిబ్బంది 130 మందికి పైగా బతికున్నవాళ్లను సముద్రంలోకి తోసేశారు. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము అడిగారు. 1783లో ఆ వ్యాజ్యం కోర్టుకెక్కింది హత్యానేరంగా కాదు, యజమానులకూ అండర్‌రైటర్లకూ మధ్య డబ్బు తగాదాగా. బానిస వ్యాపారంలో తన పాత్రకు లాయిడ్స్ 2020లో క్షమాపణ చెప్పింది.

ఆ వ్యాజ్యం విన్న జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్. 1766లో ఆయనే ఇంకో తీర్పు ఇచ్చాడు, నా షుగర్ ఫారానికి మూలం అక్కడుంది. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీ కోట గవర్నరు కార్టర్, కోట శత్రువుల చేతికి పోతే సొమ్ము వచ్చేలా లండన్‌లో బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు వచ్చి పట్టుకున్నారు. సంతకం చేసిన బోయమ్, కోట బలహీనత మాకు చెప్పలేదని డబ్బు ఎగవేయబోయాడు. మాన్స్‌ఫీల్డ్ చెప్పిన సూత్రం ఇది: రిస్కుకు సంబంధించిన సంగతులు బీమా చేయించుకునేవాడికే తెలుస్తాయి, కింద సంతకం చేసేవాడు అతని మాట నమ్మి చేస్తాడు, కాబట్టి దాచకూడదు. ఈ కేసు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు ఆ కేసులో ఓడిపోయింది అండర్‌రైటరే. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోందని లండన్‌లో అందరికీ తెలుసు, నువ్వూ కనుక్కోవాల్సింది అన్నారు. మనల్ని నలభై ప్రశ్నలు అడిగేవాళ్లకు ఈ రెండో సగం కూడా ఎవరైనా గుర్తు చేస్తే బాగుండును.

తెలుగులో అండర్‌రైటర్‌కు స్థిరపడ్డ మాట లేదు. పూచీదారు అంటే షూరిటీతో కలిసిపోతుంది. అసలు బీమా అనేదే పారశీకం నుంచి హిందుస్తానీ మీదుగా మనకొచ్చింది. బీమ్ అంటే భయం. సంస్కృతంలో భయం, భీముడు పుట్టిన ధాతువుకూ ఈ బీమ్‌కూ ఇండో-ఇరానియన్ నాటి చుట్టరికం ఉంది. గోడల మీద భీమా అని ఒత్తు పెట్టి రాసేవాళ్లను చూసి నవ్వుతాం గానీ, వాళ్లు తెలియకుండానే బంధువుల ఇంటి తలుపే తట్టారు.

భయానికి విరుగుడు అభయం. సముద్ర వర్తకులకు అభయమిచ్చిన రాత మన దగ్గరా ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో వేయించిన శాసనం. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో హామీ ఇచ్చాడు. అది బీమా కాదు. పోయిన సరుకుకు రాజు పైసా ఇవ్వడు, మిగిలింది దోచుకోనంటాడు, అంతే. అయినా కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య గాలివాన అనే మూడో పార్టీ ఉందని, దాన్ని రాతలో పెట్టాలని ఇక్కడా ఎవరో ఆలోచించారు.

మళ్లీ మన అండర్‌రైటర్ దగ్గరికి. అసలు చిక్కుముడి ఇరవయ్యో శతాబ్దంలో పడింది. లాయిడ్స్‌లో డబ్బు పెట్టేవాళ్లు వేరు, సంతకం చేసే నిపుణుడు వేరు అయ్యారు. డబ్బు పెట్టేవాళ్లను నేమ్స్ అనేవారు, అంటే ఉత్త పేర్లు. నష్టమొస్తే వాళ్ల ఆస్తంతా బాధ్యతే, చొక్కా గుండీల దాకా. 1988 నుంచి 1992 వరకు ఆస్‌బెస్టాస్ వల్ల జబ్బుపడ్డవాళ్ల దావాలు, విపత్తులు కలిసి దాదాపు 800 కోట్ల పౌండ్ల నష్టం తెస్తే ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు. కింద పేరు రాసింది ఒకడు, మోసింది ఇంకొకరు. కంపెనీల్లో ఆ విడాకులు ఎప్పుడో అయిపోయాయి. ఇవాళ అండర్‌రైటర్ నెలజీతం ఉద్యోగి. ఎవరిని తీసుకోవాలి, ఎంత ప్రీమియం కట్టించాలి, ఏది మినహాయించాలి అని తేలుస్తాడు. పోతే పోయేది కంపెనీ సొమ్ము.

అమెరికాలో మాట ఇంకా జారింది. జీవిత బీమా ఏజెంట్లు తమను లైఫ్ అండర్‌రైటర్లు అనుకున్నారు, 1890లో ఆ పేరుతోనే సంఘం పెట్టుకున్నారు. అంటే పాలసీ అమ్మేవాడికీ, దాన్ని ఆపేవాడికీ ఒకే పేరు. ఇల్లు కొనే మన డల్లాస్ బంధువులు "లోన్ అండర్‌రైటింగ్‌లో ఉంది" అంటారు, అక్కడ బీమాయే లేదు. మీ ల్యాప్‌టాప్ అడాప్టర్ వెనక వృత్తంలో యూఎల్ అనే గుర్తుంటే, అది అండర్‌రైటర్స్ లాబొరేటరీస్. 1893 షికాగో ప్రదర్శనలో కరెంటు దీపాల వల్ల అగ్ని ప్రమాదాల భయం పట్టుకున్న బీమా సంస్థల కోసం పనిచేసిన విలియం మెరిల్, మరుసటి ఏడాది మొదలుపెట్టిన పరీక్షాశాల అది.

స్టాక్ మార్కెట్లో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు. కంపెనీ షేర్లు జనం కొనకపోతే మిగిలినవి నేను కొంటానని మాటిచ్చేవాడు అక్కడి అండర్‌రైటర్. ఇష్యూ పూర్తిగా సబ్‌స్క్రైబ్ కాకపోతే భారం అండర్‌రైటర్ మీద పడుతుంది. ఒకే లాటిన్ మాటకు పుట్టిన ఇద్దరు తోడబుట్టినవాళ్లు ఆ ఒక్క వాక్యంలో మళ్లీ కలుసుకుంటారు, ఒకడు వదిలేసింది ఇంకొకడు ఎత్తుకుంటూ.

నా ఫైలు సంగతి మూడో వారానికి తేలింది. షుగర్ ఉంది కాబట్టి లోడింగ్ వేశారు, అంటే ప్రీమియం పెంచారు. ఒప్పుకున్నాను. పాలసీ మెయిల్‌లో వచ్చింది, నలభై పేజీలు. ఇంత చదివిన పాపానికి ముందు ఆఖరి పేజీ తీసి అడుగున చూశాను. పేరు లేదు. చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఇది కంప్యూటర్ ద్వారా తయారైన పత్రం, సంతకం అవసరం లేదు.